జోగమ్మ ఉప్పు చూసిన కూర

వంట పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఖమ్మంలో మా ఇంటికి వస్తుంటారు. కొందరు క్యాటరింగ్ కోర్సు చదివినవాళ్లు, కొందరు పెళ్లి వంటల దగ్గర గిన్నెలు మోస్తూ మొదలుపెట్టినవాళ్లు. వంద మందికి బియ్యం ఎంత, ఐదు వందల మందికి నూనె ఎంత అని అడుగుతారు. చెప్తాను. అది నాకు వచ్చు. బడిలో ఎక్కువ చదవలేదు గానీ, డేక్సా లోతు చూసి ఎంతమందికి సరిపోతుందో చెప్పగలను. పని చేసిన ప్రతి క్యాంపులో నన్ను 'లెక్కల భాయ్' అన్నారు. ఆ పేరు విన్నప్పుడల్లా ఛాతీ పొంగేది. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే మాట మార్చేస్తాను.

మోకాళ్లు సహకరించక అరవై నిండకుండానే పొయ్యి దగ్గర నుంచి లేచాను. ఎంతమందికి వండానో, ఏయే పెద్దమనుషులు మెచ్చుకున్నారో రాస్తే మీకేం లాభం లేదు. ఒక కూర గురించి రాస్తాను. నా చేతి వంటల్లో అందరికంటే ఎక్కువ పేరు తెచ్చింది అదే. నన్ను తలదించుకునేలా చేసింది కూడా అదే.

సయీద్ నేర్పిన కూర

వయసులో ఉన్నప్పుడు అల్జీరియా వెళ్లాను. రోడ్లు వేసే ఒక కంపెనీ క్యాంపులో వంటపని. మనవాళ్లకు అన్నం, పప్పు నేను చూసేవాణ్ని. అక్కడి కూలీల తిండి సయీద్ అనే పెద్ద వంటమనిషి చూసేవాడు. చలికాలం వస్తే తెల్ల గింజల కూర వండేవాడు. వాళ్లు దాన్ని లూబియా అంటారు. మా ఇళ్లలో లోబియా అంటే బొబ్బర్లు. అక్కడివి మాత్రం తెల్లటి, లావుపాటి చిక్కుడు గింజలు.

రాత్రి నానబెట్టిన గింజల నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బిర్యానీ ఆకు వేసి సన్నని సెగ మీద ఉడకనివ్వాలి. వెల్లుల్లి, జీలకర్ర, ఎర్ర మిరప రోట్లో నూరి ముద్ద చేయాలి. ఉల్లిగడ్డలు జైతూన్ నూనెలో, అంటే ఆలివ్ నూనెలో, మగ్గాక ఆ ముద్ద వేసి, టమాటా గుజ్జు పోసి, నూనె తేలేదాకా వేయించాలి. గింజ రెండు వేళ్ల మధ్య మెత్తగా నలిగాకే ఈ టమాటా ముద్ద అందులో కలపాలి. చివర్లో నాలుగో వంతు గింజలను గరిటె వెనకతో మెదిపితే పులుసు చిక్కబడుతుంది. దించాక కొంచెం సిర్కా (వెనిగర్), పైన పచ్చి నూనె, కొత్తిమీర. రొట్టె తుంచి ముంచుకుని తింటారు. చలిలో ఆ కూర కడుపులో పడితే పొయ్యి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

సయీద్‌కు జ్వరం వచ్చిన ఒక రోజు ఆ కూర నేను వండాను. టైం కలిసొస్తుందని టమాటా ముందే పోశాను. పులుపు తగిలిన గింజ ఇక ఉడకలేదు. సయీద్ దుప్పటి కప్పుకుని వచ్చి చూశాడు. తిట్టలేదు. ఒక గింజ తీసి నా అరచేతిలో పెట్టి, అందరి ముందు నమలమన్నాడు. పళ్ల కింద రాయిలా పలికింది. కూలీలంతా నవ్వారు.

ఆయన దగ్గర నేర్చుకున్న రెండో సంగతి ఉప్పు చూడడం. పొద్దుటి నుంచీ ఆవిరి తాగిన నాలుకకు రుచి తెలియదు. పైగా వండినవాడి నాలుక ఎప్పుడూ వండినవాడి పక్షమే మాట్లాడుతుంది. అందుకే సయీద్ తన కూర ఉప్పు తాను చూసేవాడు కాదు. పక్కవాళ్లకు పోసి చూడమనేవాడు. ఆ అలవాటు నాకూ పట్టుకుంది. మీకూ అదే చెప్తాను. మంచి అలవాటే. కానీ ఎవరి నోట్లో ఏం పెడుతున్నామో తెలుసుకుని పెట్టాలి.

వంతెన క్యాంపు

తిరిగి వచ్చాక బోనకల్ నుంచి వేంసూరు దాకా పెళ్లిళ్లకు వండుకుంటూ చాలా ఏళ్లు గడిపాను. చివరి ఉద్యోగం భద్రాచలం దాటాక అడవిలో, ఒక వాగు మీద వంతెన కట్టే క్యాంపులో. అక్కడి మేనేజరు సారు కోస్తా మనిషి. చెడ్డవాడు కాదు. జీతాలు ఆపేవాడు కాదు, దెబ్బ తగిలినవాణ్ని తన జీపులోనే దవాఖానాకు పంపేవాడు. కానీ మనుషులు ఆయనకు తలకాయల లెక్కలోనే కనిపించేవాళ్లు. ఇవాళ ఎన్ని తలకాయలు, రేపు ఎన్ని తలకాయలు. నేనూ అదే భాషలో జవాబు చెప్పేవాణ్ని. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

జోగమ్మ అక్కడ నాకు చేతి సాయం. దగ్గరి కోయ గూడెం మనిషి, నలభై దాటి ఉంటుంది. కూరగాయలు కోయడం, గింజలు ఏరడం, నూరడం ఆమె పని. ఆమె మామ గూడెం పూజారి. ఏటా కొత్త చిక్కుళ్లు వచ్చినప్పుడు గూడెంలో పండుగ చేస్తారు. మొదటి కుండ వండి అమ్మవారికి పెట్టేదాకా కొత్త గింజ ఎవరూ నోట పెట్టరు. ఆ మొదటి కుండ పూజారి ఇంటి కోడలే వండాలి. అత్త పోయిన దగ్గర నుంచి ఆ పని జోగమ్మది.

ఆమెకు దాని మీద ఎంత గర్వమో మొదటి చలికాలంలోనే తెలిసింది. ఒకరోజు ముద్ద నూరుతూ నన్ను ఆటపట్టించింది.

"భాయ్, నువ్వు గింతమందికి వండుతవ్. నేను ఏడాదికొక్కపాలి ఒక్క తల్లికి వండుత. ఎవలది పెద్ద వంట?"

"నీదే," అన్నాను నవ్వుతూ.

"నవ్వుడు కాదు. నేను ఉప్పు చూడకుండ వండాలె. నీకు చాతనైతదా?"

"చాతకాదు."

"మరి గరిటె దించి నాకు దండం పెట్టు," అని రోలు చుట్టూ ఉన్నవాళ్లతో కలిసి నవ్వింది.

పండుగ మర్నాడు ఉడికిన కొత్త గింజలు ఆకులో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. కాబట్టి ఆ నియమం నాకు తెలియదని చెప్పుకునే దారి లేదు.

తర్వాత రంజాన్ వచ్చింది. రోజా ఉండి కూడా నేనే వండేవాణ్ని. ఆ నెలంతా ఉప్పు, కారం, పులుపు చూసింది జోగమ్మే. నా ఎదుట నీళ్లు కూడా తాగేది కాదు, గుడారం వెనక్కి పోయి తాగి వచ్చేది. ఒక మధ్యాహ్నం ఏదో ఆలోచనలో, అలవాటుగా గరిటె పెదవుల దాకా ఎత్తాను. ఆమె దూరం నుంచే అరిచింది.

"భాయ్! గరిటె కింద పెట్టు! పొద్దటి సంది ఉన్నది ఉత్తగ పోతది!"

గరిటె జారి నేల మీద పడింది. నా రోజా నిలబెట్టిన మనిషి ఆమె.

పాత గింజలు, కొత్త గింజలు

అల్జీరియా కూర ఆ క్యాంపులో బాగా కుదరడానికి కారణం జోగమ్మ గింజలే. వాళ్లు చిక్కుడు గింజలు ఎండబెట్టి, బూడిద కలిపి కుండల్లో దాచుకుంటారు. పోయిన ఏటివి కాబట్టి ఎప్పుడైనా తినొచ్చు. జైతూన్ నూనె దొరకదు గనుక పల్లినూనె వాడాను. అల్జీరియా మిరపలో రంగే తప్ప ఘాటు ఉండదు. మన ఖమ్మం మిర్చి అంతే కొలతతో వేస్తే నోరు మండిపోతుంది. మూడో వంతుకు దించాను. మేనేజరు సారు దానికి 'అరబ్బు చిక్కుడు' అని పేరు పెట్టాడు. ఎవరు వచ్చినా అదే పెట్టించేవాడు. అక్కడ పని చేసేవాళ్లలో సగం మంది కోయవాళ్లే. వాళ్లూ ఇష్టంగా తినేవాళ్లు.

రెండో చలికాలంలో వంతెన చివరి స్లాబ్ పోసే రోజు ఖాయమైంది. సారు నన్ను పిలిచాడు.

"లెక్కల భాయ్, ఆ రోజు పైనుంచి పెద్దసార్లు వస్తున్నారు. అందరికీ నీ అరబ్బు చిక్కుడే పెట్టాలి. సార్లు, కూలీలు పక్కపక్కన కూర్చుని ఒకటే కూర తినాలి. ఫోటో బాగుంటుంది."

"అయితది సార్," అన్నాను. లోపల పొంగిపోయాను.

గింజలు చూస్తే లేవు. జోగమ్మ కుండలు ఖాళీ అయ్యాయి. బజారు నుంచి తెచ్చినవి ఏనాటివో, ఎంతసేపు ఉడికించినా నలగడం లేదు. సయీద్ నా అరచేతిలో పెట్టిన గింజ గుర్తొచ్చింది. జోగమ్మను అడిగాను.

"గూడెంలో కొత్త గింజలు రాలేదా?"

"వచ్చినయ్. పండుగ కావాలె గద."

"ఎప్పుడు?"

"మామ చెప్పాలె. పున్నం దాటినంక అంటుండు."

"స్లాబ్ ముందే ఉన్నది జోగమ్మా. జర జల్దీ చేయమని చెప్పరాదూ."

ఆమె పడీపడీ నవ్వింది. "మీ పండుగకు నెలవంక కనపడకుంటే మీరు జల్దీ చేస్తరా? పప్పు పెట్టు భాయ్. పప్పు తింటే స్లాబ్ కూలుతదా?"

పప్పు పెట్టి ఉండాల్సింది. ఈ వృత్తిలో ఒక వంటను వదులుకోవడం కూడా వంట రావడమేనని నాకు అప్పటికి తెలియదు. సార్ల ముందు పప్పు గరిటెతో నిలబడడం నామోషీ అనిపించింది. చండ్రుగొండ తట్టు ఒక రైతు దగ్గర కొత్త గింజలు ఉన్నాయని విని పోయి తెచ్చాను. అప్పుడే ఒలిచినవి, లోపల పచ్చిదనం ఇంకా ఆరనివి. ఎంత ముద్దుగా ఉన్నాయో!

దారి పొడుగునా మనసులో లెక్క వేసుకున్నాను. గింజలు వాళ్ల గూడెంవి కావు. చేను కోయవాళ్లది కాదు. అమ్మవారికి పెట్టాల్సిన పంటలోంచి ఒక్క గింజ కూడా తీయలేదు. కాబట్టి ఆ నియమం వీటికి వర్తించదు. లెక్క ఎటు చూసినా సరిపోయింది. జోగమ్మను ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. ఏం చెప్తుందో తెలుసు కాబట్టే అడగలేదు.

స్లాబ్ రోజు

ముందురోజు జోగమ్మ ఇంటికి పోయాక గింజలు నేనే ఏరి దాచిపెట్టాను. పొద్దున ఆమె వచ్చేసరికి టమాటా, మిరప ముద్ద కలిసి కూర ఎర్రగా ఉడుకుతోంది. ఆ ఎరుపులో గింజ కొత్తదో పాతదో కంటికి తెలియదు.

"గింజలు దొరికినయా భాయ్?"

"దొరికినయ్."

"ఏడియి?"

"చండ్రుగొండ తట్టువి."

అది నిజమే. ఆమె ఇంకేం అడగలేదు. నా మాట మీద ఆమెకు అంత నమ్మకం.

సార్లు వచ్చారు. కూలీలు వరసల్లో కూర్చున్నారు. విస్తళ్లలో అన్నం పడుతోంది. పొద్దుటి నుంచీ పొయ్యిల మధ్య తిరిగిన నా నాలుక మొద్దుబారింది. గరిటెతో కొంచెం కూర తీసి, ఊది, ఎప్పటిలాగే జోగమ్మ అరచేతిలో పోశాను. చెయ్యి ఎత్తి నోట్లో వేసుకుంది. ఒక్కసారి కొరికింది. దవడ ఆగిపోయింది.

"భాయ్," అంది. "గిది కొత్త గింజ."

ఆమె ఉమ్మేసి నల్లా దగ్గరికి పరుగెత్తింది. పుక్కిలించింది, మళ్లీ పుక్కిలించింది. నేను వెనకాలే పోయి నా లెక్క చెప్పడం మొదలుపెట్టాను.

"ఉమ్మేసినవ్ గద, ఏం కాదు. గివి మీ గూడెంవి కావు జోగమ్మా. మీ చేనుయి కావు."

కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"చేను ఎవలదైతేంది భాయ్? నోరు నాది గద."

నేరుగా వరసల దగ్గరికి పోయి, తమ భాషలో రెండు మాటలు చెప్పింది. కోయవాళ్లంతా లేచారు. ఒక్కరూ అరవలేదు, ఒక్కరూ విస్తరి తన్నలేదు. అన్నం పడిన విస్తళ్లు అలాగే వదిలి వాగు వైపు నడిచారు. కూర ఇంకా వాళ్ల విస్తళ్లలోకి రాలేదు కాబట్టి వాళ్లకేమీ అంటలేదు. అంటింది ఆమె ఒక్కదానికే.

సారు ఉరికి వచ్చాడు. "ఏంటిది? ఏమైంది వీళ్లకి? సార్ల ముందు పరువు తీస్తారా? ఏం కలిపావయ్యా కూరలో?"

"ఏం కలపలేదు సార్. వాళ్లదేదో పట్టింపు. గింజలు వాళ్ల ఊరివి కూడా కావు. నా తప్పు లేదు."

నా తప్పు లేదు అన్నాను. జోగమ్మ అక్కడే ఉంది, వింటోంది. నిజం చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం రాదు. అయినా సారు వైపే చూస్తూ ఆ మాట అన్నాను.

కూర చాలా బాగా కుదిరిందని సార్లు మెచ్చుకున్నారు.

షమీమ్ అడిగిన మాట

మర్నాడు జోగమ్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను సెలవు పెట్టి ఖమ్మం వచ్చాను. మా ఆవిడ షమీమ్‌కు జరిగింది చెప్పాను. చెప్తున్నప్పుడు కూడా నన్ను నేను వెనకేసుకొస్తూనే ఉన్నాను. ఉమ్మేసిందన్నాను. వేరే ఊరి గింజలన్నాను.

షమీమ్ బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది. "నువ్వు రోజా ఉన్నవ్, పొద్దు గూకలేదు, మగ్రిబ్ అజా ఇంకా కాలేదనుకో. నీకు తెలవకుండ ఎవరన్నా నీ నోట్లో ఖర్జూరం పెట్టి, ఇది మీ చెట్టుది కాదు, వేరే ఊరిది అంటే ఊకుంటవా?"

నేను లేవబోయాను.

"ఆమె నీ రోజా కాపాడిందని నువ్వే చెప్పినవ్ గద," అని చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఆ సాయంత్రం నమాజుకు నిలబడితే ధ్యాస కుదరలేదు.

గూడెంలో

క్యాంపుకు తిరిగి వచ్చిన రోజే గూడెం పోయాను. జోగమ్మ మామ పూజారి ముసలాయన. ఇంటి ముందు బుట్ట అల్లుతున్నాడు. నన్ను కూర్చోమన్నాడు. నీళ్లు ఇచ్చారు. జోగమ్మ తడిక వెనక ఉందని అలికిడిని బట్టి తెలిసింది.

"తెలవక పెట్టినవా, తెలిసి పెట్టినవా?" అని అడిగాడు.

దారంతా కూర్చుకున్న సాకులు వదిలేశాను. "తెలిసే పెట్టిన," అన్నాను.

ఆయన బుట్ట పక్కన పెట్టాడు.

"ఆమె మింగలేదు, ఉమ్మేసింది. నేను చూసిన," అన్నాను.

"ఉమ్మేసిందని నువ్వంటున్నవ్. కొరికిన మామా అని ఆమె చెప్పింది. చెప్పకుంటే మాకెవలకు తెలుస్తది?"

అప్పుడు తెలిసింది. ఆమె కావాలంటే దాచుకోగలిగేది. వరసల్లో వాళ్లను లేపినా, తాను నోట పెట్టిన సంగతి గూడెంలో చెప్పక్కర్లేదు. మొదటి కుండ తన చేతి నుంచి పోతుందని తెలిసే, ఇంటికి పోయి తనంతట తానే చెప్పుకుంది. నేను సారు ముందు చేయలేని పని అది.

"ఈ ఏడు కుండ చిన్న కోడలు వండుతది," అన్నాడు. "జోగమ్మ పొయ్యి కాడికి రాదు. అందరు తిన్నంక తింటది. గంతే. మళ్ల ఏడు ఆమెదే."

"తప్పు నాది. దానికి ఏం కట్టమంటే అది కడత. మేకనా, బియ్యమా, ఎంతమందికి భోజనం పెట్టమంటరు?"

ముసలాయన మొదటిసారి నవ్వాడు. "నీకు లెక్కలు బాగ వస్తయని కోడలు చెప్తది. దీనికి లెక్క లేదు భాయ్. పండుగకు రా. తిని పో."



పండుగ రోజు

వెళ్లకుండా తప్పించుకోవాలని చూశాను. షమీమ్ ఫోన్ చేసి పొమ్మంది. పోయాను.

అమ్మవారి గద్దె దగ్గర కొత్త కుండలో గింజలు ఉడుకుతున్నాయి. చిన్న కోడలు వండుతోంది. ఆమెకు కొత్త పని. నీళ్లు ఇగిరిపోతుంటే కలపాలా వద్దా అని అటూ ఇటూ చూసింది. జోగమ్మ దూరంగా అరుగు మీద కూర్చుని ఉంది. అంత దూరం నుంచే ఆమె వేళ్లు గరిటె తిప్పినట్టు కదలడం చూశాను. మళ్లీ చేతులు కొంగులో పెట్టేసుకుంది. ఆ ఏడు సలహా కూడా చెప్పకూడదేమో.

డోళ్లు మోగాయి. అమ్మవారికి పెట్టారు. అందరూ వరసగా కూర్చున్నారు. నన్ను పూజారి చెయ్యి పట్టుకుని తన పక్కన, వరసలో మొదట కూర్చోబెట్టాడు. చుట్టం ముందు తినాలి, అది వాళ్ల మర్యాద. మోదుగాకు విస్తరిలో మొదటి పిడికెడు కొత్త గింజలు నాకే పడ్డాయి. ఉప్పు, నీళ్లు తప్ప ఇంకేం లేని గింజలు. ఆవిరి పోతోంది.

తినలేకపోయాను. వరస మొత్తం నా కోసం ఆగింది. చుట్టం చెయ్యి పెట్టేదాకా మిగతావాళ్లు పెట్టరు. పిల్లలు నా చేతి వైపే చూస్తున్నారు.

అరుగు మీద నుంచి జోగమ్మ పలికింది. స్లాబ్ రోజు తర్వాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"తిను భాయ్. ఇప్పుడు తినొచ్చు."

తిన్నాను. నేను తిన్నాక వరస తిన్నది, వరస తిన్నాక పిల్లలు మళ్లీ పెట్టించుకున్నారు. అరుగు మీద ఆమె ముందు విస్తరి పరిచి ఉంది. నేను చెయ్యి కడుక్కుని లేచేసరికి కూడా అందులో ఇంకా ఏమీ పడలేదు.